కాటా గదిలో పచ్చ చుక్క

ఆ పొద్దున ఆకాశం తోమని గిన్నెలా ఉంది. అంచులకి మసి. నడుమ జిడ్డు. సూర్యుడు లేచాడో లేదో కాకులకే తెలియాలి.

గాలి లేదు. రంగుల ఫ్యాక్టరీ గొట్టం మీద పొగ కూడా లేదు.

పొగ లేదంటే మిషన్లు ఆపేశారు.

మిషన్లు ఆపేశారంటే... ఎవరో వస్తున్నారు!

తీగలమ్మ మెట్లెక్కుతోంది. వెనకే గేటు కాపలావాడు బుర్రమీసం. అతని బూటు ఆమె చెప్పు మడమను తొక్కుతోంది. ఆగితే నెట్టేస్తాడు.

ఆమె ఆగదు.

గేటు దగ్గరే ఫోను లాక్కున్నాడు. ఆమెదే కాదు, లోపలికొచ్చిన ప్రతి ఒక్కరిదీ. సాయంత్రం ఇస్తాడట. మేనేజరు ఆర్డరట.

"నా చెప్పు తెగితే నీ బూట్లు వేసుకుని ఇంటికి పోతా," అంటుంది వెనక్కి తిరక్కుండానే. "చూసుకో మరి."

బూటు ఒక మెట్టు వెనక్కి తగ్గింది.

ఫ్యాక్టరీలో కంప్యూటర్లకి తీగలు లాగేది, తెగితే అతికేది, ఏది మేలుకుని ఉందో ఏది పడుకుందో చూసేది ఆమె. అందుకే తీగలమ్మ. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు.

పై గది తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆమె కుర్చీలో మేనేజరు!

నవ్వుతున్నాడు. పశువుల సంతలో పళ్లు చూసి బేరమాడేవాడి నవ్వు.

ఇంకో గంటలో కాలుష్యం చూసే ఆఫీసర్లు వస్తున్నారని చెబుతాడు. అన్ని గదుల్లోనూ కంప్యూటర్లు ఆపించానంటాడు. వాళ్లు ఏ తెర ముందూ కూర్చోకూడదట. నిజంగా అన్నీ ఆగాయో లేదో తీగలమ్మ ఇక్కణ్ణుంచే చూసి చెప్పాలి. క్యాంటీన్‌ది ఒక్కటే వదిలేశాడు. ఆఫీసర్లకి భోజనం అక్కడే. వండేది తీగలమ్మ అక్క.

"మీ అక్క ఏమీ అనుకోవడం లేదు కదా?"

"దేని గురించి?"

"మీ బావని ఊరు పంపాం కదా."

తీగలమ్మ అతని కళ్లలోకి చూస్తుంది. "మా బావ చెప్పకుండా పక్క గదికి కూడా వెళ్లడు సార్."

నవ్వు చెదరలేదు. కానీ కుర్చీ చేతిమీద వేలు కదిలింది.

ఫ్యాక్టరీకి దిగువన, వాగు ఒడ్డున ఒక పేట ఉంది. అక్కడి పిల్లలకి ఒళ్లంతా పొక్కులు. పోయిన వారం ఒక పసిపిల్ల పోయింది. పేటవాళ్లు వాగు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి గేటు ముందు పేర్చారు. నీలం నీళ్లు. మేనేజరు వాటిని చూసి, మావి కావన్నాడు.

నిన్న సాయంత్రం బావ అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

బావ పంపుల గదిలో పనిచేస్తాడు. మెత్తని మనిషి. ఆ మెత్తని మనిషే, భూమిలో ఒక దొంగ వాల్వు ఉందన్నాడు. అది తిప్పితే రంగునీళ్లు సరాసరి వాగులోకి పోతాయన్నాడు. ఆఫీసర్లు రాగానే తీసుకెళ్లి చూపిస్తానన్నాడు.

ఆ వాల్వు ఎక్కడుందో తెలిసింది ఇద్దరికే. ఒకడు మేనేజరు.

రాత్రి బావ ఇంటికి రాలేదు.

వేరే ఊరి ఫ్యాక్టరీలో అర్జెంటు పని పడిందని, బండెక్కించి పంపామని కబురొచ్చింది. అక్క విన్నది. తలూపింది. వడ్డించిన పళ్లెం మీద మూత పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుంది. తెల్లారేదాకా కూర్చునే ఉంది.

"లేవండి," అంటుంది తీగలమ్మ. "అది నా కుర్చీ."

మేనేజరు లేస్తాడు. ఇప్పుడు నవ్వు సగమే ఉంది.

తెర మీద చుక్కల వరుసలు. ఒక్కో చుక్క ఒక్కో గదిలోని కంప్యూటరు. పక్కన అంకెలే, పేర్లు లేవు. పేర్లు ఆమె తలలో ఉన్నాయి.

పని చిన్నదే. అవతలి గట్టు మీదివాణ్ణి కేకేయడం లాంటిది. ఇక్కణ్ణుంచి ఆగకుండా కేక పోతూ ఉంటుంది. అక్కడ కంప్యూటరు మేలుకుని ఉంటే ఓయ్ అంటుంది. చుక్క పచ్చబడుతుంది. బదులు లేకపోతే ఎరుపు.

ఆమె మీట నొక్కుతుంది.

రంగుల గది... ఎరుపు.

గోడౌను... ఎరుపు.

పంపుల గది... ఎరుపు.

క్యాంటీన్... పచ్చ.

మిగతావన్నీ ఎరుపే. కోతలైపోయిన చేను చూసినట్టుంది.

మేనేజరు ఊపిరి వదులుతాడు. సరే అనబోతాడు.

అప్పుడు...

అట్టడుగున ఒక చుక్క పచ్చబడింది!

ఏడాదిగా చచ్చి పడున్న చుక్క!

ఎర్రబడింది. పచ్చబడింది.

మళ్లీ ఎర్రబడింది. మళ్లీ పచ్చబడింది.

ఇక కదల్లేదు. అలాగే వెలుగుతోంది.

తీగలమ్మ వేళ్లు మీటల మీదే బిగిశాయి.

ఆమెకి ఆ చుక్క తెలుసు. వెనక గేటు పక్కన పాత కాటా గది. లారీని ఇనుప అరుగు మీదికెక్కించి బరువు చూసే చోటు. ముందు గేటు దగ్గర కొత్త కాటా వచ్చాక దాన్ని వదిలేశారు. అంతకుముందు బావ ఉద్యోగం అక్కడే.

ఆ మూలకి ఫోను అందదు. అందుకని బావ ఒక పద్ధతి పెట్టాడు. భోజనానికి బయల్దేరే ముందు, గోడకున్న తీగల డబ్బా స్విచ్చి ఒకసారి ఆర్పి వెలిగించేవాడు. క్యాంటీన్‌లో అక్క ముందున్న తెర మీద బావ చుక్క ఒకసారి ఆరి వెలిగేది. ఒకసారంటే, వస్తున్నా, వడ్డించు. రెండుసార్లంటే, ఆలస్యమవుతుంది, మూత పెట్టు. ఆ చుక్క అక్క తెర మీద పెట్టింది తీగలమ్మే. ఊళ్లో మగాళ్లు వీధిలో కన్ను కొడతారు, మా బావ తీగల్లో కొడతాడు అని అందరికీ చెప్పి నవ్వించింది కూడా ఆమే. పంపుల గదికి మారాక కూడా అదే పద్ధతి.

రెండుసార్లు.

మూత పెట్టు.

బావ బతికే ఉన్నాడు!

"అదేంటి?" మేనేజరు వేలు తెరకి తగిలింది. సరిగ్గా ఆ చుక్క మీద.

"పంపుల గది." వెంటనే అనేస్తుంది. "మీవాళ్లు సరిగ్గా ఆపలేదు."

"ఇందాక ఎరుపే కదా అంతా?"

"మొద్దు నిద్రపోయేవాడు ఒక్క కేకకే లేస్తాడా సార్?"

అతను ఆమె ముఖం చూస్తాడు. తెర చూస్తాడు. మళ్లీ ముఖం. ఆమె ఆవులించింది. నిజం ఆవులింతే... రాత్రి ఆమెకీ నిద్ర లేదు.

"పోయి పగలగొట్టు," అంటాడు బుర్రమీసంతో. "తర్వాత లారీ సంగతి చూడు. వెనక గేటుకి వచ్చేస్తూ ఉంటుంది."

లారీ!

వెనక గేటుకి!

ఇద్దరూ బయటికి నడిచారు. తలుపు మూసుకుంది. తాళం తిరిగిన చప్పుడు.

ఆమెని లోపల పెట్టి తాళం వేశాడు!

పంపుల గది ఫ్యాక్టరీకి ఆ చివర. రంగు తొట్లన్నీ దాటి వెళ్లాలి. బుర్రమీసం వెళ్లి, చల్లగా పడున్న కంప్యూటర్ని చూసి, మీసం గోక్కుని, అబద్ధమని తెలుసుకుని వెనక్కి రావాలి.

అంతే వ్యవధి.

కిటికీ.

తీగలు ఈ గదిలోకి ఎక్కే దారి కిటికీ పక్కనే ఉంది. గోడ పొడుగునా ఇనుప జల్లెడ నిచ్చెన. ఆ నిచ్చెన బిగించిన రోజున ఆమె దగ్గరుండి ప్రతి బోల్టూ తట్టి చూసుకుంది. తీగల బరువు మోస్తుందా అని.

మనిషి బరువు మోస్తుందా అని ఎవరూ చూడలేదు.

కాలు బయట పెడుతుంది.

నిచ్చెన కిర్రుమంది.

రెండో కాలు.

ఒక బోల్టు గోడలోంచి జారి, కింద రేకు మీద పడింది... ఠంగ్!

తొట్ల దగ్గర బుర్రమీసం వెనక్కి తిరిగాడు!

ఆమె గోడకి బల్లిలా అతుక్కుంది. ఊపిరి లేదు. చెమట కంట్లో పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

రేకు మీద కాకి వాలింది. కావ్ అంది.

బుర్రమీసం కాకిని తిట్టి ముందుకి నడిచాడు.

ఆమె దిగుతుంది. మోచెయ్యి చీరుకుపోయింది. నేల తగలగానే పరుగు. గోడౌను వెనక... రంగు డ్రమ్ముల మధ్య... కాళ్ల కింద ఎర్రటి బురద. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. రెండోది ఆమే విసిరేసింది.

వెనక నుంచి విజిల్!

తెలిసిపోయింది!

పాత కాటా గది. ఇనుప తలుపు. బయట గడియ. తుప్పు పట్టింది. లాగింది. రాలేదు. రాయి తీసుకుని కొట్టింది. ఒకటి... రెండు...

ఊడింది!

లోపల చీకటి. మూలన కంప్యూటరు తెర వెలుగు. ఆ వెలుగులో బావ. చేతులు వెనక్కి విరిచి గోడలోని ఇనుప ఊచకి కట్టేశారు. నోట్లో గుడ్డ. కనుబొమ్మ చిట్లి రక్తం గడ్డకట్టింది.

ఆమె గుడ్డ లాగుతుంది.

"ఆలస్యమైంది బావా."

"అందుకేగా మూత పెట్టమన్నాను." గొంతు ఎండిపోయి ఉంది. "నువ్వెందుకొచ్చావే మరదలా?"

"ఏం చెయ్యను. మా అక్కకి ఇంకో మొగుణ్ణి వెతికే ఓపిక నాకు లేదు."

బావ నవ్వబోయాడు. కనుబొమ్మ నొప్పి పుట్టి ఆగాడు.

ముడి విప్పుతుంటే చెప్పాడు. చేతులు కట్టారు. కాళ్లు వదిలేశారు. చచ్చిన కంప్యూటరు ఏం చేస్తుందిలే అనుకున్నారు. రాత్రంతా కట్లతో కుస్తీ పట్టాడు. తెల్లారాక కాలి బొటనవేలితో మీట తడిమి నొక్కాడు. లేచింది. తీగల డబ్బా స్విచ్చి నేలకి దగ్గరే ఉంది. దాన్నీ బొటనవేలితోనే నొక్కాడు. ఎవరైనా చూస్తారో లేదో తెలియదు. అయినా నొక్కాడు.

లారీ ఎక్కినవాణ్ణి మళ్లీ దింపరని బుర్రమీసం తనతోనే అన్నాడట.

బయట ఇంజను చప్పుడు!

పరిగెత్తడానికి దారి లేదు. తలుపు ముందే కాటా అరుగు. అరుగు మీదికే లారీ వస్తోంది.

ఆమె తలుపు మూసి లోపలి గడియ వేసింది. లారీ వాళ్లకి చీటీలిచ్చే చిన్న కిటికీ మీద రేకు లాగి మూసేసింది.

ఇక బయట ఏమీ కనబడదు.

తెర మీద కాటా చూపించే ఒక్క అంకె తప్ప.

సున్నా ఒక్కసారిగా వేలల్లోకి ఎగిరింది. లారీ అరుగు మీద ఆగింది. కాసేపటికి అంకె కొంచెం తగ్గింది.

"డ్రైవరు దిగి కిందికెళ్లాడు," అంటాడు బావ నెమ్మదిగా. "బొజ్జ ఉన్నవాడు."

ఈ కాటా ఐదేసి కిలోల లెక్కన చూపిస్తుంది. తలుపు దాకా రావాలంటే ఎవడైనా అరుగు మీద నిలబడాల్సిందే. అంకె పెరిగింది. మళ్లీ పెరిగింది. ఇంకా...

"వీడు బుర్రమీసం. వాడి పక్క ఇద్దరు. ఈ చివరాయన తేలిక... మేనేజరు."

తలుపు మీద వేళ్లతో తట్టిన చప్పుడు. మర్యాదగా.

"అమ్మాయ్." మేనేజరు గొంతు. "నీతో నాకు పేచీ లేదు. నువ్వు బయటికొచ్చి ఇంటికెళ్లు. ఏమీ చూడలేదనుకో. మీ బావతో నేను మాట్లాడుకుంటాను."

తీగలమ్మ బావ వైపు చూసింది. వెళ్లు అన్నట్టు అతను చేత్తో సైగ చేశాడు.

ఆమె తలుపు దగ్గరికెళ్లింది. గడియ మీద చెయ్యి పెట్టింది.

ఇంకా గట్టిగా బిగించింది.

"సార్, అన్నీ ఆపమన్నారు. చూశాను. ఇది ఒక్కటి ఆగదు. ఏం చేసుకుంటారో చేసుకోండి."

తలుపు మీద బూటు పడింది. దుమ్ము రాలింది. మళ్లీ బూటు. ఇనుము కదల్లేదు. లారీని వెనక్కి తిప్పి తలుపుని గుద్దించమని మేనేజరు అరిచాడు.

ఇంజను గర్జించింది. అంకె వేలల్లోంచి దబ్బున పడిపోయింది. లారీ అరుగు దిగి మలుపు తిరుగుతోంది. మళ్లీ వెనక్కి వస్తుంది. ఈసారి గోడతో సహా!

ఇద్దరూ బల్ల కింద నక్కారు. ఆమె బావ మోచెయ్యి పట్టుకుంది.

అంకె కదిలింది.

అరవై పెరిగింది.

"మళ్లీ ఎవడో ఎక్కాడు," అంటాడు బావ.

యాభై. డెబ్బై. యాభై ఐదు. ఒకరి వెనక ఒకరు. తొందర లేకుండా ఎక్కుతున్నారు.

"ఎవరు బావా?"

"కాటా పేర్లు చెప్పదు."

ఆగడం లేదు. అరవై ఐదు. నలభై ఐదు. వందలు దాటుతోంది. మేనేజరు ఊరంతా దింపాడా? ఆమె పక్కనున్న ఇనుప కడ్డీ చేతిలోకి తీసుకుంది. ఎంతమంది వచ్చినా ముందు తలుపులో దూరేది ఒక్కడే. ఆ ఒక్కడి సంగతి తను చూస్తుంది.

ముప్పై ఐదు.

బావ ముందుకి వంగాడు. తెర దగ్గరగా ముఖం పెట్టాడు.

"ముప్పై ఐదు కిలోల గూండా ఉంటాడా మరదలా?"

ఆమె కడ్డీ కిందికి దించింది.

లారీ వెనక్కి వస్తున్న చప్పుడు... దగ్గరికి... దగ్గరికి... ఆగిపోయింది. ఇంజను కూడా ఆపేశారు.

అంత నిశ్శబ్దంలో మేనేజరు గొంతొకటే. ఎవరినో పొమ్మంటున్నాడు. కాల్చేస్తానంటున్నాడు.

ఢాం!

తుపాకీ!

గది రేకులన్నీ దడదడలాడాయి. బయట కాకులు లేచిపోయాయి.

ఆమె అంకె వైపే చూస్తోంది. ఇప్పుడు పడిపోతుంది. తుపాకీ చప్పుడుకి ఎవరు నిలబడతారు? పరిగెడతారు. వందలకి వందలు రాలిపోతాయి.

అంకె కదల్లేదు.

రెప్ప వేయకుండా చూసింది.

కదల్లేదు!

తర్వాత కదిలింది. పైకి. అరవై. ఇంకెవరో ఎక్కారు.

తలుపు అవతల ఆడగొంతు. మామూలుగా, పొయ్యి దగ్గర నిలబడి మాట్లాడినట్టే.

"ఏమయ్యా. మూత తియ్యనా?"

అక్క!

అంకె ఒక్కసారిగా తొంభై తగ్గింది. అరుగు దూకి పారిపోతున్న బూట్ల చప్పుడు.

"బుర్రమీసం," అన్నాడు బావ.

తీగలమ్మ గడియ తీసింది.

అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు. దిగువ పేట మొత్తం అక్కడే ఉంది. మగాళ్లు, ఆడవాళ్లు, కర్ర ఊతంతో ఒక బక్క ముసలమ్మ. పోయిన వారం పోయిన పసిపిల్ల తల్లి అందరికంటే ముందు నిలబడి ఉంది. మేనేజరుకి ఎదురుగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా. అతని తుపాకీ మొదట ఆకాశం వైపు పేలింది. ఇప్పుడు ఎటు తిప్పాలో దానికీ తెలియడం లేదు.

వాళ్ల వెనక, మెడలో బిళ్లలు వేలాడుతున్న కొత్త మనుషులు. తుపాకీ పేలడం వాళ్లూ చూశారు.

ఆఫీసర్లు!

తెర మీద పాత చుక్క రెండుసార్లు కన్ను కొట్టడం అక్క కూడా చూసింది. మరదలికే కాదు, పెళ్లానికీ ఆ భాష వచ్చని మేనేజరు ఎరగడు. క్యాంటీన్ కంప్యూటరు ఆపవద్దన్నది అతనే. వెనక గోడ దాటించి పేటకి కబురు పంపింది. పనివాళ్ల చేత గిన్నెలెత్తించింది. ఆఫీసర్ల జీపు గేటులోకి రాగానే ఎదురెళ్లి, భోజనం ఈ రోజు వెనక గేటు దగ్గరండి అని చెప్పి తీసుకొచ్చేసింది.

ఒక ఆఫీసరు చెయ్యి చాచాడు. మేనేజరు తుపాకీ అందులో పెట్టాడు. పక్కనే లారీ మెట్టు మీద కూలబడ్డాడు. నవ్వు ఎక్కడో పడిపోయింది.

"వాల్వు చూపిస్తా, రండి," అన్నాడు బావ. నిలబడలేక తలుపు పట్టుకున్నాడు.

"వాల్వు ఎక్కడికీ పోదు," అంది అక్క. అతని కనుబొమ్మ చూసింది. చీర కొంగు తడిపి ఒక్కసారి అద్దింది. "రాత్రి నుంచి తిన్లేదు. కూర్చో."

బావ కూర్చున్నాడు. ఆమె రాత్రి మూత పెట్టిన పళ్లెమే తెచ్చింది. కడిగి, వేడిగా మళ్లీ వడ్డించి, మళ్లీ అదే మూత పెట్టి. మూత తీసింది. ఆవిరి లేచింది.

పసిపిల్ల తల్లి బావ ఎదురుగా కూర్చుంది. ఆమె తర్వాత ముసలమ్మ. ఒకరి తర్వాత ఒకరు అరుగంతా కూర్చున్నారు. ఆఫీసర్లు కాసేపు నిలబడి చూశారు. తర్వాత వాళ్లూ కూర్చున్నారు. అక్క అందరికీ వడ్డించింది. చివర్లో తనూ చెల్లెలి పక్కన కూర్చుంది.

పొద్దున్నుంచి మూసుకున్న ఆకాశం అలాగే ఉంది. రేకు మీద కాకి మళ్లీ వచ్చి వాలింది.

పళ్లేల చప్పుడే.

తెరిచి ఉన్న తలుపులోంచి తీగలమ్మకి తెర కనబడుతోంది. గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. కడుపులు నిండుతున్నాయి. అంకె మాత్రం ఐదు కిలోలు కూడా అటూ ఇటూ కదలడం లేదు.

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.